సీతాఫలాల గుట్ట నుంచి తేలియా రుమాలు దాకా

బతుకమ్మ పేర్చే రోజుల్లో మీ ఇంట్లో గునుగుపూలకు రంగులు అద్దుతారు కదా! తెల్లని గునుగు కట్టల్ని ఎర్రరంగు నీళ్ళలో కొన్నిటిని, ఆకుపచ్చరంగు నీళ్ళలో కొన్నిటిని ముంచి ఆరబెడతారు. ఆ పని చేసిన చేతులకు రంగు పట్టుకుని, ఎంత తోమినా రెండు రోజులదాకా వదలదు. కాని బతుకమ్మను చెరువులో వదలగానే గునుగుపూల రంగు మాత్రం నీళ్ళలోకి దిగిపోతుంది. పూలు వెలవెలబోతాయి.

ఇప్పుడు మరొకటి చూడండి. మన పల్లెల్లో పెద్దవాళ్ళు తలకు చుట్టుకునే ఎర్రని నేత రుమాళ్ళున్నాయి. చెమటకు తడిసి, ఎండకు ఎండి, చాకిరేవులో బండమీద దెబ్బలు తిని కూడా మంచి రుమాలు ఏళ్ళతరబడి ఎర్రగానే ఉంటుంది.

రెండూ రంగులే. ఒకే రంగు చేతిని పట్టుకుని పువ్వును ఎందుకు వదిలేసింది? పువ్వును వదిలేసే గుణం రంగుకు ఉంటే, రుమాలులోని ఎరుపు ఎలా నిలిచింది? ఈ మూడింటికీ జవాబు ఒకటే. దాన్ని వెతకడానికి ముందుగా మనం దసరా సెలవుల్లో సీతాఫలాల గుట్ట ఎక్కాలి.

గుట్టమీద పాఠం

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రాతిగుట్టలమీద ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా పెరిగే చెట్టు సీతాఫలం. భాద్రపదం చివర మొదలై ఆశ్వయుజ, కార్తీక మాసాల దాకా కాయలు దొరుకుతాయి. మర్రిగూడ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలకు ఈ కాలంలో గంప, దోటి పట్టుకుని గుట్టకు పోవడం కొత్త సంగతి కాదు. పేరులో సీతమ్మ ఉన్నా, దీని జన్మస్థానం అమెరికా ఖండపు వేడి ప్రాంతాలు. అయినా మన నేలను ఇది ఎంతగా తనదిగా చేసుకుందంటే, మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగర్ పేరుతో ఒక సీతాఫలం రకం దేశమంతటా పేరు పొందింది.

ఇంత మెట్టనేలలో, మేకల మందల మధ్య ఈ చెట్టు ఎలా బతికింది? దీని ఆకుల్లో, గింజల్లో ఘాటైన రసాయనాలు ఉన్నాయి. మేకలు కూడా సాధారణంగా దీని ఆకు ముట్టవు. గింజల పొడి పురుగుల్ని చంపుతుంది. అదే పొడి కంట్లో పడితే కంటికి పెద్ద ప్రమాదం. పేలు పోతాయని గింజలు నూరి తలకు రాసుకోవడం కొన్నిచోట్ల ఉంది. అది మానుకోవలసిన అలవాటు.

కాయను చేతిలోకి తీసుకోండి. పైన కన్నుల్లాంటి గుబ్బలు కనిపిస్తాయి. ఒక్కొక్క కన్ను ఒక్కొక్క ఫలదళం. సీతాఫలం పువ్వులో ఎన్నో ఫలదళాలు విడివిడిగా ఉంటాయి. అవన్నీ పెరిగి ఒకదానికొకటి అతుక్కుని ఒకే కాయగా కనిపిస్తాయి. ఇలాంటి దాన్ని వృక్షశాస్త్రంలో సంకలిత ఫలం అంటారు. కాయ ఒకపక్క గుండ్రంగా, మరోపక్క సొట్టగా ఉంటే, సొట్టపక్కన ఉన్న ఫలదళాల్లో కొన్నిటికి పరాగం అందలేదని అర్థం. చిన్నచిన్న పెంకుపురుగులు ఈ పువ్వుకు పరాగం మోస్తాయి.

ఏ కాయను కోయాలి? కన్నుల మధ్య గీతలు వెడల్పై, అక్కడ పసుపు కలిసిన తెలుపు కనబడితే అది కోతకు వచ్చినట్లు. కోసిన తరువాత కూడా అది పండుతుంది. కాయలోంచే ఇథిలీన్ అనే వాయువు వెలువడి, పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే మార్పుల్ని తొందరపెడుతుంది. గడ్డిలో మాగవేస్తే ఈ వాయువు బయటికి పోకుండా కాయల మధ్యనే నిలుస్తుంది. అందుకే మాగవేసిన కాయలు ఒకేసారి పండుతాయి. కన్నులు విచ్చని లేతకాయను కోస్తే మాత్రం ఎంత గడ్డి కప్పినా అది పండదు, నల్లబడి గట్టిపడుతుంది. కనుక తొందరపడి లేతకాయలు తెంపకండి. పొద కిందికి చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించి చూడండి. పాములకు, కందిరీగలకు కూడా ఆ నీడ ఇష్టమే.

కత్తికి అంటిన నలుపు

గుట్ట దిగేటప్పుడు దారిలో తంగేడు కనిపిస్తుంది. బతుకమ్మకు దాని పూలు కోస్తాం. పూర్వం మాదిగలు తోలు పదును చేయడానికి దాని బెరడు వాడేవారు. ఆ బెరడులో టానిన్లు అనే పదార్థాలు ఉన్నాయి. కరక్కాయలో, దానిమ్మ తొక్కలో, పచ్చి జామకాయలో కూడా ఇవే. నోట్లో వేసుకుంటే నాలుకను పిడచకట్టించే వగరు వీటిదే.

పచ్చి జామకాయను పాత ఇనుపకత్తితో కోసి అలాగే వదిలేయండి. కత్తిమీద, కాయమీద నీలం కలిసిన నల్లటి మరక ఏర్పడుతుంది. అదే స్టీలు కత్తితో కోస్తే ఆ నలుపు రాదు. టానిన్, ఇనుము కలిసినప్పుడే ఆ నల్లరంగు పుడుతుంది. వందల ఏళ్ళపాటు ప్రపంచంలో చాలాచోట్ల సిరా ఇలాగే తయారైంది. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు ఇనుపముక్కల్ని బెల్లం నీళ్ళలో ఊరబెట్టి 'కసిమి' తయారు చేస్తారు. కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టిన గుడ్డమీద కసిమితో గీత గీస్తే అది నల్లగా మారి నిలిచిపోతుంది.

ఇక్కడొక విషయం గమనించారా? కసిమి మామూలు గుడ్డమీద ఈ నలుపు ఇవ్వదు. కరక్కాయ ఒక్కటే ఉంటే లేత పసుపు. లోహమూ టానినూ చేతులు కలిపినప్పుడే నలుపు వచ్చింది, వచ్చి కదలకుండా కూచుంది. మన ప్రశ్నకు జవాబు తాళంచెవి ఇక్కడే ఉంది.

ఉన్నికి సులువు, నూలుకు కష్టం

మన చర్మం, వెంట్రుకలు, గొర్రె ఉన్ని, పట్టు, ఇవన్నీ ప్రోటీన్లతో, అంటే మాంసకృత్తులతో తయారైనవి. ప్రోటీన్ అణువుల పొడవునా విద్యుదావేశం గల కొక్కేలవంటి భాగాలు ఉంటాయి. అనేక రంగుల అణువులు వాటిని సులభంగా పట్టుకుంటాయి. గునుగుకు రంగు అద్దిన చేతులకు రెండు రోజులు రంగు నిలవడానికి కారణం అదే.

పత్తి, గునుగుపువ్వు, కాగితం మొక్కలనుంచి వచ్చినవి. వీటిలో ముఖ్య పదార్థం సెల్యులోజ్. సెల్యులోజ్ అణువు నిండా ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు ఉంటాయి గాని, ప్రోటీన్‌లో ఉన్నటువంటి బలమైన కొక్కేలు లేవు. నీళ్ళలో చాలా రంగులు దాని పోగుల మధ్యకు వస్తాయి, కాసేపు ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగిలితే వెళ్ళిపోతాయి. సత్రంలో బాటసారి లాగన్నమాట. బతుకమ్మ గునుగుపూల సంగతి ఇదే.

మరి నూలుమీద రంగు శాశ్వతంగా ఉండాలంటే ఏం చేయాలి? రంగుకూ నూలుకూ మధ్య ఒక చేత్తో దీన్ని, మరొక చేత్తో దాన్ని పట్టుకునే మధ్యవర్తి కావాలి. అటువంటి మధ్యవర్తిని ఇంగ్లీషులో మార్డెంట్ అంటారు. కొరకడం అనే అర్థంగల ఫ్రెంచి మాటనుంచి ఆ పేరు వచ్చింది. మనం 'రంగుబంధకం' అందాం.

అన్నిటికన్నా ఎక్కువగా వాడే రంగుబంధకం మీ ఇంట్లోనే ఉంది, పటిక. పటికలో అల్యూమినియం ఉంది. అల్యూమినియం అయాన్‌కు మూడు ధనావేశాలు ఉంటాయి. తన చుట్టూ ఆరు చోట్ల ఆక్సిజన్ వంటి పరమాణువుల్ని నిలుపుకోగలదు. కొన్ని రంగుల అణువుల్లో రెండు ఆక్సిజన్ పరమాణువులు పక్కపక్కనే ఉంటాయి. అవి రెండూ కలిసి అల్యూమినియాన్ని ఎండ్రకాయ కొండితో పట్టినట్లు పట్టుకుంటాయి. మిగిలిన చోట్లలో అల్యూమినియం పోగును పట్టుకుంటుంది. ఇలా ఒకే అయాన్ రంగునూ పోగునూ ముడివేస్తుంది. లోహ అయాన్లు తమ చుట్టూ ఇతర అణువుల్ని ఎలా అమర్చుకుంటాయో 1893లో వివరించినవాడు ఆల్ఫ్రెడ్ వెర్నర్. ఆ కృషికి 1913లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన అద్దకంవాళ్ళు అంతకు వేల ఏళ్ళ ముందునుంచే పటిక వాడుతున్నారు. పని చేతికి తెలుసు, కారణం తరువాత తెలిసింది.

కాని నూలు విషయంలో ఇంకో చిక్కు ఉంది. సెల్యులోజ్ అల్యూమినియాన్ని కూడా గట్టిగా పట్టుకోలేదు. కనుక ముందుగా కరక్కాయ నీళ్ళలో నూలును నానబెడతారు. టానిన్ అణువు పెద్దది, ఎన్నోచోట్ల సెల్యులోజ్‌కు అంటుకుంటుంది. ఆ టానిన్ అల్యూమినియాన్ని పట్టుకుంటుంది, అల్యూమినియం రంగును పట్టుకుంటుంది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలిచిన పిల్లల వరసలాగా ఉంది కదా! కసిమిలో జరిగినదీ ఇదే. అక్కడ అల్యూమినియం బదులు ఇనుము, అంతే తేడా.

ఆముదపు కాయ చేసే పని

నూలుకు ఈ మధ్యవర్తిని అందించడానికి కరక్కాయ కాక మరొక దారి ఉంది. అది మన ప్రాంతంలోనే ఇంకా బతికి ఉంది.

మర్రిగూడకు ఎంతో దూరం లేని నేత ఊరు పుట్టపాక. 2016 దాకా నల్లగొండ జిల్లాలో ఉండి, ఆ ఏడాది జరిగిన విభజనలో యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్ళింది. అక్కడ నేసే తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి నేతపనికి గుర్తింపుగా గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ లభించాయి. ఈ రుమాలు కళకు పాత కేంద్రం కోస్తాలోని చీరాల. నాలుగు పలకల ఈ రుమాళ్ళు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు వెళ్ళేవి. ఎండ, ఇసుక గాలి తగలకుండా అక్కడివారు వాటిని తలకు చుట్టుకునేవారు.

తేల్ అంటే హిందీలో నూనె. నూనె పట్టించిన నూలుతో నేస్తారు కనుక తేలియా రుమాలు. రంగుకూ నూనెకూ సంబంధం ఏమిటని అడుగుతారా? మీ చేలలోని ఆముదం మొక్క దగ్గరికి వెళ్దాం.

తొలకరికి విత్తిన ఆముదం, సీతాఫలాలు వచ్చే రోజులకు గెలలు వేసి ఉంటుంది. ఆ తరువాత విడతలు విడతలుగా గెలలు కోస్తారు. ముళ్ళముళ్ళ కాయలో మూడు గదులు, గదికొక గింజ. గింజలు తీశాక మిగిలిన పొట్టును సాధారణంగా పారేస్తాం. పుట్టపాక నేతగాళ్ళు మాత్రం ఆ పొట్టును కాల్చి బూడిద చేస్తారు. బూడిదను నీళ్ళలో నానబెట్టి పైన తేరిన నీళ్ళు తీసుకుంటారు. ఆ నీళ్ళలో పొటాషియం కార్బొనేట్ అనే క్షారం ఉంటుంది. ఆ క్షారపు నీటిలో నూనె పోసి కలిపితే అది పాలలాగా తెల్లబడుతుంది. క్షారం నూనెలో కొంతభాగాన్ని సబ్బుగా మారుస్తుంది. ఆ సబ్బు మిగతా నూనెను చిన్నచిన్న బిందువులుగా చీల్చి నీళ్ళలో తేలేటట్లు చేస్తుంది. మామూలుగా నూనె, నీరు కలవవు కదా! ఇలా పాలలాగా అయినప్పుడే నూనె పోగు లోపలిదాకా సమంగా చేరగలదు.

నూలు చిలపల్ని ఆ పాలనీటిలో ముంచి, చేత్తో పిసికి, ఎండలో ఆరబెడతారు. మరునాడు మళ్ళీ అదే పని. ఇలా రెండు మూడు వారాలు సాగుతుంది. ఇంత ఓపిక ఎందుకంటారా? పోగుమధ్య చేరిన నూనె ఎండలో గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మారుతుంది, పోగులోనే కుదురుకుంటుంది. నూనెలోని కొవ్వు ఆమ్లాలు అల్యూమినియాన్ని గట్టిగా పట్టుకుంటాయి. అంటే, సెల్యులోజ్‌కు పుట్టుకతో లేని కొక్కేలను ఆ నేతగాళ్ళు నూనెతో, బూడిదతో, ఎండతో తయారు చేస్తున్నారన్నమాట!

ఆపైన పటిక, ఆపైన ఎర్రరంగు. ఆ ఎర్రరంగు పేరు అలిజరిన్. పూర్వం మన కోస్తా ఇసుకనేలల్లో పెరిగే చిరివేరునుంచి ఈ ఎరుపు తీసేవారు. ఐరోపాలో మాడర్ అనే మొక్క వేళ్ళనుంచి తీసేవారు. 1826లో ఫ్రాన్సులో రోబికే, కోలిన్ అనే శాస్త్రజ్ఞులు మాడర్ వేరునుంచి అలిజరిన్‌ను విడదీశారు. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్‌మాన్ బొగ్గు తారునుంచి వచ్చే పదార్థంతో అదే అణువును తయారుచేశారు. కొద్ది ఏళ్ళలోనే మాడర్ పొలాలు మూతపడ్డాయి. నేడు తేలియాకు వాడే అలిజరిన్ కూడా తయారుచేసినదే. వేరులో పుట్టినా, కార్ఖానాలో పుట్టినా అణువు ఒకటే కనుక అది అల్యూమినియాన్ని పట్టుకునే తీరూ ఒకటే. నల్లరంగు కావాలంటే అల్యూమినియం బదులు ఇనుప లవణం వాడితే చాలు. రంగు అదే, మధ్యవర్తి మారితే ఎరుపు నలుపవుతుంది!

నూనె, పటిక, అలిజరిన్ కలిపి చేసే ఈ ఎరుపును ఐరోపావారు టర్కీ ఎరుపు అన్నారు. ఈ విద్యను వారు తూర్పుదేశాలవాళ్ళనుంచి నేర్చుకున్నారు. తరువాత ఆముదాన్ని గంధకామ్లంతో కలిపి వారు 'టర్కీ రెడ్ ఆయిల్' తయారుచేశారు. వారాల పనిని అది బాగా తగ్గించింది. చూశారా, అక్కడా ఆముదమే!

ఒక హెచ్చరిక. ఆముదం గింజలో రైసిన్ అనే భయంకరమైన విషం ఉంది. గింజ చూడడానికి నునుపుగా, మచ్చలతో అందంగా ఉంటుంది. ఆటకైనా నోట్లో పెట్టకండి, చిన్నపిల్లలకు ఇవ్వకండి. గానుగలో తీసి శుద్ధిచేసిన నూనెలోకి ఆ విషం రాదు, అది పిండిలోనే ఉండిపోతుంది. అందుకే ఆముదపు పిండిని పశువులకు పెట్టరు.

ముడివేసి అద్దడం

రుమాలుమీద పువ్వులు, గళ్ళు, సింహాలు, గడియారాలు కూడా కనిపిస్తాయి. ఇవి గుడ్డమీద అచ్చువేసినవి కావు. నేయడానికి ముందే, దారంమీదే, ఎక్కడ ఎరుపు రావాలో ఎక్కడ తెలుపు ఉండాలో లెక్కవేసి రంగు అద్దుతారు. తెల్లగా ఉండవలసినచోట రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. కట్టినచోటికి రంగునీరు చేరదు. తరువాత విప్పి, వేరేచోట కట్టి, రెండో రంగులో ముంచుతారు. తేలియాలో పడుగుకు, పేకకు రెండింటికీ ఇలా కడతారు. మగ్గంమీద పడుగులోని ఎర్రచుక్కమీదికి పేకలోని ఎర్రచుక్క సరిగా వచ్చి పడాలి. మర్రిగూడ పక్కనున్న గట్టుప్పల్‌లోనూ, పోచంపల్లిలోనూ ఈ కట్టి అద్దే నేతను మీరు చూడవచ్చు.

కొనేటప్పుడు అసలును గుర్తుపట్టడం ఎలా? గుడ్డను తిరగేయండి. అచ్చువేసిన నకలులో సాధారణంగా వెనకవైపు రంగు పలచగా ఉంటుంది. కట్టి అద్దిన నేతలో రెండువైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్లు, ఈకలాగా ఉంటాయి. ఆ చెదురు లోపం కాదు, చేతిపని సంతకం. అచ్చుయంత్రం కొన్ని నిమిషాల్లో చేసిన దాని ధరనూ, వారాలపాటు నూనెలో, ఎండలో, మగ్గంమీద చేసిన దాని ధరనూ పక్కపక్కన పెట్టి బేరమాడితే నేతగాడు మగ్గం విప్పేయక తప్పదు. మగ్గం పోతే దానితోపాటు ఈ రసాయనశాస్త్రమంతా పోతుంది.

అదే పటిక, మన తాగునీటిలో

మర్రిగూడ పిల్లలకు ఫ్లోరైడ్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఇక్కడి గ్రానైట్ రాళ్ళలోని ఖనిజాలనుంచి ఫ్లోరైడ్ బోరునీళ్ళలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్ తాగునీటికి పనికిరాదు. ఎక్కువకాలం తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి, కీళ్ళు బిగుసుకుపోతాయి. ఈ ప్రాంతంలో ఎన్ని కుటుంబాలు ఆ బాధ అనుభవించాయో మీ పెద్దల్ని అడగండి.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో నీటిలోంచి ఫ్లోరైడ్‌ను తీసే ఒక పద్ధతిని రూపొందించింది. దాని పేరే 'నల్లగొండ పద్ధతి'. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ గురించి చదివినా ఆ పేరు కనిపిస్తుంది. అందులో వాడేవి పటిక, సున్నం, క్రిములు చావడానికి బ్లీచింగ్ పౌడర్. పటిక, సున్నం కలిస్తే నీళ్ళలో దూదిపింజల్లాంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఏర్పడుతుంది. అల్యూమినియం ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది. ఆ పింజలు ఫ్లోరైడ్‌తో సహా అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీటిని వడకడతారు.

నూలులో అలిజరిన్‌ను పట్టుకున్న ఆ అల్యూమినియం చేతులే ఇక్కడ ఫ్లోరైడ్‌ను పట్టుకున్నాయి. రుమాలులో ఏళ్ళతరబడి పట్టు విడవకూడదు. నీటిలో పట్టుకుని కిందికి దిగిపోవాలి. గుణం ఒకటే, దాన్ని మనిషి వాడుకున్న తీరు వేరు.

అయితే ఇంట్లో పటికముక్క తిప్పితే ఫ్లోరైడ్ పోతుందని అనుకోకండి. నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అని పరీక్షించి, దానికి తగిన మోతాదు కలపాలి. తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది, ఎక్కువైతే అల్యూమినియం మిగులుతుంది. అడుగున చేరిన మడ్డిని జాగ్రత్తగా పారవేయాలి. ఈ తిప్పలన్నిటివల్ల ఫ్లోరైడ్ లేని నీటిని దూరంనుంచి తేవడమే మేలైన మార్గమైంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకంద్వారా శుద్ధిచేసిన నదీజలం ఈ ఊళ్ళకు వచ్చింది. తాగడానికి, వంటకు ఆ నీరే వాడండి.

మీరే చేసి చూడండి

చదివినదాన్ని నమ్మడంకన్నా చేసి చూడడం మేలు. ఉల్లిపొట్టులో క్వెర్సెటిన్ అనే పసుపురంగు పదార్థం ఉంది. దానికీ ఎండ్రకాయ కొండిలాంటి ఆక్సిజన్ జంట ఉంది. పొట్టు దాచండి. 50 గ్రాముల దారానికి 50 గ్రాముల పొట్టు కావాలి.

తెల్లని నూలు దారపు చిలపలు మూడు, తెల్ల ఉన్ని చిలప ఒకటి తీసుకోండి. బజారులో ఉన్ని పేరుతో అమ్మేదాంట్లో చాలాభాగం అక్రిలిక్. చిన్న పోగును చిమటాతో పట్టుకుని పెద్దవాళ్ళ ఎదుట కాల్చి చూడండి. నిజమైన ఉన్ని కాలిన వెంట్రుకల వాసన వేసి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుస్తుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలాగా అవుతుంది. మొదటగా చిలపలన్నిటినీ సబ్బుతో ఉతికి శుభ్రం చేయండి.

'అ' చిలప: నూలు, ఏమీ కలపవద్దు. 'ఆ' చిలప: నూలు, పటిక నీళ్ళు మాత్రమే. 'ఇ' చిలప: నూలు, ముందు రాత్రంతా కరక్కాయ పొడి నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఆపైన పటిక నీళ్ళు. 'ఈ' చిలప: ఉన్ని, పటిక నీళ్ళు. దారం 50 గ్రాములైతే పటిక 5 గ్రాములు, కరక్కాయ పొడి 10 గ్రాములు చాలు. పటిక నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, చిలప గంటసేపు నానాలి.

ఉల్లిపొట్టును రెండు లీటర్ల నీళ్ళలో అరగంట మరిగించి వడకట్టండి. ఇనుపగిన్నె వాడకండి, ఎందుకో మీకిప్పుడు తెలుసు. వంటకు వాడే గిన్నె కూడా వద్దు. నాలుగు చిలపల్నీ అదే రంగునీటిలో వేసి సన్నసెగమీద ముప్పావుగంట ఉంచండి. ఉన్నిని తెరలే నీళ్ళలో వేసి కలియబెట్టకండి, వేడినుంచి ఒక్కసారిగా చన్నీళ్ళలోకి తీయకండి. ఉన్ని పోగుమీద చేపపొలుసుల్లాంటివి ఉంటాయి. అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని దారం మొద్దుబారిపోతుంది. చల్లారాక తీసి, నీళ్ళలో జాడించి, నీడలో ఆరబెట్టండి.

ఇప్పుడు ప్రతి చిలపనుంచి మూరెడు దారం కత్తిరించి దాచండి. మిగిలినదాన్ని అయిదుసార్లు సబ్బుతో ఉతకండి. దాచినదాని పక్కన పెట్టి పోల్చండి. ఉతకడానికి ముందే ఏ చిలప గెలుస్తుందో మీ అంచనా పుస్తకంలో రాసుకోవాలి. తరువాత మరొక పరీక్ష. దారాన్ని అట్టకు చుట్టి, సగం నల్లకాగితంతో కప్పి, కిటికీలో ఎండ తగిలేచోట పదిహేను రోజులు ఉంచండి. రంగు నీటికి నిలిచినంత మాత్రాన ఎండకు నిలుస్తుందని లేదు. పసుపుతో అద్దిన దారాన్ని కూడా ఈ పరీక్షకు పెట్టి చూడండి. దాని కథ వేరుగా ఉంటుంది!

మిగిలిన ఉన్నితో మఫ్లర్ అల్లండి. రెండు అల్లిక సూదులు, నలభై కుట్లు ఎక్కిస్తే మెడకు సరిపోయే వెడల్పు వస్తుంది. ఇంట్లోనో బడిలోనో అల్లిక తెలిసినవారు ఎవరైనా అరగంటలో నేర్పగలరు. మగపిల్లలూ నేర్చుకోవచ్చు. అల్లుతూ ఒకటి గమనించండి. రుమాలులో పడుగు, పేక అనే రెండు వరసల దారాలు ఒకదానిమీద ఒకటి అడ్డంగా దాటుతాయి. లాగితే పెద్దగా సాగవు. మఫ్లర్‌లో ఒకే దారం ఉచ్చులో ఉచ్చుగా సాగుతుంది. లాగితే ఉచ్చులు ఆకారం మార్చుకుని సాగుతాయి, వదిలితే తిరిగి వస్తాయి. ఉచ్చుల మధ్య గాలి నిలుస్తుంది. గాలి మంచి ఉష్ణవాహకం కాదు కనుక మెడకు వెచ్చగా ఉంటుంది. గుడ్డ గుణం దారంలోనే కాదు, దారం నడిచిన దారిలో కూడా ఉందన్నమాట.

పని అయ్యాక మిగిలిన రంగునీటిని బావి దగ్గర, చెరువులో పోయకండి. ఇంటి పెరట్లో, మొక్కలకు దూరంగా, మట్టిలో ఇంకనీయండి.

చివరగా మూడు ప్రశ్నలు. ఒకటి: అదే ఉల్లిపొట్టు రంగునీటిలో పటిక బదులు తుప్పుపట్టిన మేకుల నీళ్ళు వాడితే ఏ రంగు వస్తుంది? రెండు: పట్టుచీరకు రంగు అద్దడానికి కరక్కాయ అవసరమా? మూడు: మీ ఊరి గుట్టమీద, చెలకలో వగరు రుచిగల బెరడులు, కాయలు ఇంకా ఏమేమి ఉన్నాయి? మొదటి రెండింటికి ఈ వ్యాసంలో చదివినదాన్నిబట్టి జవాబు ఊహించి, చేసి సరిచూసుకోండి. మూడోదాన్ని నోటితో రుచి చూసి తేల్చకండి. ఇనుపకత్తితో కోసి చూడండి, కత్తే చెబుతుంది.